అల్లమక్క పంచిన ఇల్లు

ముందు చప్పుడు వినిపిస్తుంది. సన్నగా, ఎడతెగకుండా, రేకు మీద గరుకైనదేదో రాసుకుంటున్న చప్పుడు. వీధిలో నడిచేవాళ్ళకి ఎవరో చెక్కముక్కని ఆకురాయితో అరగదీస్తున్నట్టు ఉంటుంది. ఉన్నట్టుండి ఆగుతుంది. ఉఫ్ మని పొడిని ఊదేసిన సవ్వడి. మళ్ళీ మొదలు. దాని వెనకే వాసన గుమ్మం దాటి వస్తుంది. శొంఠి, దాల్చినచెక్క, బాగా ముదిరిన పాకం. కిటికీలోంచి తొంగిచూస్తే అప్పుడు మనిషి కనిపిస్తుంది. పీట మీద కూర్చుని, ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకుని, ఒక చేత్తో గోడని పట్టుకుని, రెండో చేత్తో తురుమే రేకుని దాని అంచు మీద నడుపుతూ.

గోడంటే బిస్కెట్ గోడ. చిన్నపిల్లల పలకంత ఉంటుంది. మధ్యలో కిటికీ, కిటికీలో కరిగి గట్టిపడిన పసుపుపచ్చ చక్కెర అద్దం. పచ్చిపిండిని ఎంత తిన్నగా కోసినా ఒవెన్‌లో వేడికి ఒళ్ళు విరుచుకుంటుంది. అంచులు ఉబ్బుతాయి, మూలలు గుండ్రమవుతాయి. అందుకే చల్లారాక ఇలా అరగదీయాలి. అంచుకి అంచు ఒదగకపోతే మూల నిలబడదు.

ఆవిడని వీధి వీధంతా అల్లమక్క అంటుంది. ఆవిడ చేతిలో శొంఠి పడని బిస్కెట్ ఉండదు. ఆవిడ తల దువ్వుకునే దువ్వెన కూడా అల్లం వాసన వేస్తుందని పిల్లలు ఏడిపిస్తారు. "వెయ్యదా మరి. రండి, మీ తలలు కూడా దువ్వుతాను, చదువు ఘాటుగా ఎక్కుతుంది" అంటుంది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకి "పిండి నానబెట్టి వచ్చాను, వెళ్ళాలి" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయే అలవాటు.

ఆ చలికాలం ఆవిడ గోడలు అరగదీస్తున్నది బడి కోసం అని అందరూ అనుకున్నారు. ప్రతి ఏడూ సెలవుల ముందు వీధి చివరి బడికి ఒక బిస్కెట్ ఇల్లు చేసి ఇస్తుంది కాబట్టి. కానీ ఈసారి గోడలు పెద్దవి. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ చేస్తున్న చిన్న ఇల్లు కాదు ఇది. పాత కొలతల ఇల్లు. అల్మారా పైనుంచి పాత అట్టలు దింపి, మెత్తబడిన వాటి మూలలు సరిచేసి, వాటిని పిండి మీద పెట్టి కోసింది.

వంటింటి గోడకి అటుపక్క ఆవిడ తమ్ముడు ఉంటాడు. వడ్రంగి. చేతులు వణకడం మొదలయ్యాక పని మానేశాడు. భార్యని తీసుకుని, వేరే ఊళ్ళో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. సామాను సర్దుకుంటున్నారు. వాడికి ఆవిడ ఒక మాట చెప్పాలి. చిన్న మాటే, ఒక్క గుక్కలో అయిపోతుంది. అది చెప్పకుండానే ఏళ్ళు దొర్లిపోయాయి. వాడు వెళ్ళేలోపు చెప్పకపోతే ఇక ఆ మాట ఆవిడతోనే ఉండిపోతుంది. ఊరికే గుమ్మంలో నిలబడి చెప్పడానికి నోరు రాదు కాబట్టి, నోటికి బదులు ఆవిడ ఒవెన్ వెలిగించింది.

*

వాళ్ళ నాన్న బేకరీ మనిషి. వంటింటి గోడలో కూర్చోబెట్టిన ఆ ఇనుప ఒవెన్ ఆయనదే. కాల్చడం కూతురికి అబ్బింది. కొడుక్కి అబ్బలేదు. వాడు కర్రతో మాట్లాడేవాడు. మూల కనిపిస్తే చాలు మూలమట్టం పెట్టి చూసేవాడు. పుస్తకం వంకరగా పెట్టినా సర్దేవాడు. అక్క వాడికి 'మూలమట్టం' అని పేరు పెట్టింది. పెళ్ళయ్యాక భార్య కూడా అదే అనడం మొదలుపెట్టింది, వెనకాల.

బిస్కెట్ ఇల్లు దగ్గర మాత్రం ఇద్దరి పనీ కలిసేది. కాల్చడం అక్కది, కట్టడం తమ్ముడిది. చలి మొదలవగానే వాడు తలుపుల పని పక్కన పెట్టి, చెవి మీది పెన్సిల్ తీసి, అట్ట మీద గోడలూ కప్పూ గీసేవాడు. అక్క కాల్చి తెస్తే ఒక్కొక్కటీ కంటి ముందు పెట్టుకుని చూసేవాడు.

"అక్కా, ఈ గోడ పొట్ట వేసింది."

"నీకూ వేసింది. నేనేమన్నా అన్నానా?"

"నా పొట్ట మీద కప్పు పెట్టరుగా."

"పెడితే నిలిచేలానే ఉందిలే."

కట్టడానికి నాలుగు చేతులు కావాలి. గుడ్డు తెల్లసొనలో చక్కెరపొడి గిలక్కొట్టి చేసిన తెల్లటి ముద్దని కాగితం పొట్లంలో నింపి అంచుకి గీతలా వేస్తారు. రెండో గోడని తెచ్చి ఆనిస్తారు. ఇక అక్కడినుంచి కదలకూడదు. ఆ తెల్లగీత పట్టు బిగించేదాకా ఒకరు ఆ గోడనీ ఇంకొకరు ఈ గోడనీ పట్టుకుని నిలబడాలి. ముక్కు దురద పెట్టినా గోక్కోవడానికి లేదు. కోపం వచ్చినా లేచి వెళ్ళిపోవడానికి లేదు. అందుకనో ఏమో, ఆ అక్కాతమ్ముళ్ళు చెప్పుకోవలసినవన్నీ ఆ కాసేపట్లోనే చెప్పుకునేవారు. వచ్చిన సంబంధం తనకి ఇష్టం లేదని ఆవిడ మొదట చెప్పింది ఒక గోడ పట్టుకునే. ఫలానా అమ్మాయిని చేసుకుంటానని వాడు నసిగింది ఒక గోడ పట్టుకునే. నాన్న దగ్గులో రక్తం పడుతోందని వాడు చెప్పిన రోజున చిమ్నీ అతుకుతున్నారు. అక్క చెయ్యి కదిలింది. చిమ్నీ వంకరగా ఆరిపోయింది. మూలమట్టం దాన్ని సరిచేయలేదు.

వాళ్ళిద్దరికీ ఒక్క చోటే పడేది కాదు. ఇల్లు బడికి వెళ్ళాక, పిల్లలు తనివితీరా చూశాక, దాన్ని ముక్కలు చేసి పిల్లలకి పెట్టాలనేది అక్క. తమ్ముడికి మనసొప్పేది కాదు. సెలవులు అయ్యేదాకా ఉంచమనేవాడు. "నిలబెట్టినవాడికి తెలుస్తుంది" అనేవాడు. "తినేది నిలబెట్టుకుని ఏం చేస్తావురా, పూజ చేస్తావా?" అనేది. అయినా ప్రతి ఏడూ వాడి మాటే నెగ్గేది. సెలవులయ్యేసరికి గోడలు చెమ్మగిల్లి, చీమలు కాపురం పెట్టేవి. ఆఖరికి చిమ్నీ ముక్క ఒక్కటే బాగుండేది. దానికోసం పిల్లలు జుట్లు పట్టుకునేవారు.

*

నాన్న పోయిన తర్వాతి చలికాలం.

ఇల్లు ఇద్దరి పేరా ఉండిపోయింది. ఒకవైపు గదులు తమ్ముడి కుటుంబానివి, రెండోవైపు గది అక్కది, వంటిల్లు అందరిది. ఇది ఎవరూ కూర్చుని అనుకున్నది కాదు, ఎవరి మంచం ఎక్కడుంటే అది వాళ్ళది. బాబాయి మాత్రం వచ్చినప్పుడల్లా తమ్ముణ్ణి పక్కకి పిలిచి గొణిగేవాడు. "తేల్చుకోండిరా. ఇవాళ బానే ఉంటుంది. రేపు ఆవిడ మనసులో ఏముంటుందో." తమ్ముడు ఒకసారి ఆయన మీద విరుచుకుపడ్డాడు కూడా. "మా అక్క గురించి ఇంకో మాటంటే బాగుండదు బాబాయ్" అన్నాడు. ఆయన కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. మాట మాత్రం వెళ్ళలేదు. చెవిలో దూరిన నీటిచుక్కలా ఉండిపోయింది.

'పంచడం' అనే మాటకి మనకి రెండు ముఖాలు. పిల్లలకి మిఠాయి పంచుతాం. పొలం పంచుకుంటాం. ఒక ముఖం నవ్వుతూ చెయ్యి చాపుతుంది. ఇంకో ముఖం టేపు పట్టుకుని నిలబడుతుంది. మాట ఒక్కటే కాబట్టి వెనకనుంచి విన్నవాడికి అది ఏ ముఖమో తెలియదు.

ఆ రోజు తమ్ముడు పెరటి తలుపు బందు బిగించడానికి స్క్రూడ్రైవర్‌తో వచ్చాడు. అక్క లోపల, అటు తిరిగి, బడి పెద్ద టీచరుతో ఫోన్లో ఉంది.

"లేదండీ, ఈసారి ఆగేది లేదు. రేపే ఇల్లు పంచేస్తాను... వాడికా? వాడికి ముందు చెప్తే ఒప్పుకోడు. ఆ ఇల్లంటే వాడికి ప్రాణం. అయ్యాక వాడే సర్దుకుంటాడు లెండి... అవునవును, ఎవరి ముక్క వాళ్ళ చేతిలో పెట్టేస్తే కొట్లాటే ఉండదు."

స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని తమ్ముడు వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. బందు బిగించలేదు. ఆ సాయంత్రం వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. అక్క గిన్నెలు తోముతోంది.

"ఇల్లు పంచేస్తున్నావట."

దొంగతనం బయటపడ్డ పిల్లలా ఆవిడ నాలుక కరుచుకుని నవ్వింది. "చెవిన పడిందా అప్పుడే? ఏం చెయ్యమంటావురా, ఎన్నాళ్ళని అలా పెట్టుకుని చూస్తాం?"

"నాతో ఒక్క మాట అనాలనిపించలేదా?"

"నీతో అంటే గోల చేస్తావు. చిన్నప్పటి నుంచీ చూడటం లేదా నిన్ను."

తమ్ముడు కాసేపు గుమ్మం చెక్కని గోటితో గీకాడు. "నాకేం వద్దక్కా. నీకెంత కావాలో అంత తీసుకో."

"ఒంటిదాన్ని, నాకెందుకురా? పెద్ద ముక్క నువ్వే తీసుకో, పిల్ల ఉంది."

"సరే. గోడ సంగతి నేను చూసుకుంటాను."

"గోడలు ఎప్పుడూ నువ్వేగా చూసుకునేది" అని ఆవిడ గలగలా నవ్వింది.

ఆ నవ్వు వాడికి ఎలా వినిపించి ఉంటుందో ఆవిడ తర్వాత ఎన్నోసార్లు ఊహించుకుంది. ఊహించుకున్న ప్రతిసారీ ఆ నవ్వు ఇంకొంచెం పెద్దదయ్యేది.

మర్నాడు పొద్దున బడికి వెళ్ళి ఇల్లు విరిచి పిల్లలందరికీ పెట్టి వచ్చింది. తమ్ముడి కూతురు కూడా ఆ బడిలోనే. కప్పు ముక్క కావాలంటే రుమాలులో చుట్టి ఇచ్చింది. తిరిగి వచ్చేసరికి కుళాయి దగ్గర మరదలు బట్టలు జాడిస్తోంది. తలెత్తకుండానే అడిగింది.

"వదినా, వంటిల్లు మీవైపు ఉంచుకుంటారా? ఆయన అడగమన్నారు. ఒవెన్ గోడలో ఉంది కదా, కదల్చడం కుదరదంటున్నారు."

"నావైపేమిటే?"

"అదే, ఇల్లు పంచేటప్పుడు."

అప్పుడు అర్థమైంది. నిన్నటి మాటలన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరిగి రెండో ముఖం చూపించాయి. ముందు ఆవిడకి నవ్వే వచ్చింది. పొట్టలోంచి బయల్దేరి గొంతుదాకా వచ్చింది. ఇంకొక్క క్షణం ఆగితే బయటికి వచ్చి ఉండేది. 'వాడి మొహం, నేనన్నది బిస్కెట్ ఇల్లే' అని ఉండేది. మరదలు తడిచేతుల్తో నోరు మూసుకుని నవ్వి ఉండేది. సాయంత్రానికి వీధంతా నవ్వి ఉండేది.

కానీ నవ్వు గొంతులోనే చల్లారింది. 'అయితే వాడు నన్ను అలా అనుకున్నాడన్నమాట.' వాడి వెనకాల, టీచరుతో, ఫోన్లో, నాన్న ఇల్లు ముక్కలు చేసే మనిషిలా. ఒక్క రాత్రయినా వాడికి అనుమానం రాలేదా, ఇది మా అక్క నోటి మాటేనా అని? తిరిగొచ్చి దులిపేయవచ్చుగా? పెద్ద ముక్క తీసుకోమంటే, తీసుకుంటాననే అనుకున్నాడా?

"మీ ఆయన ఎలా అంటే అలా" అంది మరదలితో. "నాకేం అభ్యంతరం లేదు."

అన్నాక నాలుక్కరుచుకుంది. కరుచుకున్నంత మాత్రాన మాట వెనక్కి రాదు.

వాడే వస్తాడు, అడుగుతాడు, అప్పుడు కడిగేద్దామనుకుంది. కడిగేసి, ఏడ్చి, టీ పెట్టి ఇద్దామనుకుంది. వాడు రాలేదు. ముందు గదిలో టేపు లాగుతున్న చప్పుడు వినిపించింది. టేపు వదిలేసినప్పుడు చటుక్కున లోపలికి దూరే చప్పుడు. ఇటుకలు వచ్చాయి. ఇసక వచ్చింది. ప్రతి చప్పుడుకీ ఆవిడ 'ఇప్పుడు చెప్తాను' అనుకుంది. ప్రతి చప్పుడూ ఆవిడని కొంచెం వెనక్కి నెట్టింది. తాపీమేస్త్రీ వచ్చిన రోజున, వచ్చిన మనిషి కదా అని టీ పట్టుకెళ్ళి ఇచ్చింది. తమ్ముడు అక్కడే నిలబడి ఉన్నాడు. ఆవిడ కప్పు చాపింది. వాడు "వద్దు" అన్నాడు. వాళ్ళిద్దరి మధ్య ఇటుక వరసలు అప్పటికి మోకాలెత్తు లేచాయి.

గోడ వంటింటిని కూడా కోసుకుంటూ పోయింది. ఒవెన్ ఇటు వచ్చింది. ఇల్లు కట్టుకునే పొడుగాటి బల్ల గోడకి అడ్డం పడింది. తమ్ముడు గుమ్మంలోంచి అడిగాడు. "బల్ల కూడా పంచాలా?"

"పంచేయ్" అంది.

వాడు రంపం తెచ్చాడు. నాన్న పిండి పిసికిన బల్ల. రంపపుపొట్టులోంచి ఏనాటిదో వెన్న వాసన లేచింది. కోశాక ఆవిడ సగానికి కొత్త కాళ్ళు రెండు చేసి బిగించాడు. చిత్రిక పట్టి, అంచు చేతికి గుచ్చుకోకుండా నునుపు చేసి, మట్టం పెట్టి చూసి, కుదుటపడ్డాక వెళ్ళిపోయాడు. తన సగానికి కాళ్ళు చేసుకోలేదని, ఇటుకల మీద ఆనించి వాడుకుంటున్నాడని మరదలు ఎప్పుడో మాటల్లో చెప్పింది.

*

వాళ్ళు శత్రువులేం కాలేదు. అదే బాధ. వీధిలో ఎదురైతే "బాగున్నావా అక్కా" అనేవాడు, "బాగున్నాను, నువ్వు" అనేది. జ్వరమొస్తే మరదలు కషాయం తెచ్చేది. మేనకోడలు "అత్తా" అంటూ వచ్చి ఒవెన్ ముందు కూర్చునేది. పెరిగింది, పెళ్ళయింది, వెళ్ళిపోయింది. గోడకి అటు చిత్రిక చప్పుడు, ఇటు తురుమే రేకు చప్పుడు. రెండూ ఒకే రకం చప్పుళ్ళు. ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు ఉండేవి. వినేవాళ్ళకి ఆ ఇద్దరూ కలిసే పని చేసుకుంటున్నారనిపించేది.

ఆవిడ ఒక్కతే ఇల్లు కట్టడం నేర్చుకుంది. అటూ ఇటూ పప్పుడబ్బాలు ఆనించి, గోడలు ఆరేదాకా వాటికి వదిలేసేది. డబ్బాలు వాటి పని అవి బాగానే చేసేవి. ఏమీ చెప్పేవి కావు, ఏమీ అడిగేవి కావు. ఇల్లు చిన్నదైపోయింది, సగం బల్ల మీద పట్టాలి కదా. కప్పు ఎప్పుడూ కొంచెం ఒకవైపుకి జారి ఉండేది. పిల్లలు పట్టించుకునేవారు కాదు. బడికి మోసుకెళ్తూ ఆవిడ మాత్రం తమ్ముడి గుమ్మం దాటేటప్పుడు ట్రేని అటువైపు చేతికి మార్చుకునేది, వాడికి ఆ జారిన వైపు కనబడకుండా.

ఎప్పుడైనా చెప్పవచ్చు అనుకోవడం వల్లే ఎప్పుడూ చెప్పలేదు. వాడు పక్కనే ఉన్నాడు. గోడ తడితే వినబడేంత పక్కన. అంత దగ్గర ఉన్న మనిషికి చెప్పడానికి తొందరేముంటుంది?

ఆ ఏడు చిత్రిక చప్పుడు ఆగిపోయింది. ముందు ఆవిడకి అది చప్పుడు లేకపోవడంగా తెలియలేదు. తన రేకు చప్పుడు మరీ పెద్దగా వినిపిస్తోందనుకుంది. తర్వాత మరదలు వచ్చి చెప్పింది. చేతులు, డాక్టరు, కూతురి దగ్గరికి వెళ్ళిపోవడం. "వెళ్ళేలోపు ఒకసారి భోజనానికి రండి వదినా" అంది, చుట్టాన్ని పిలిచినట్టు.

*

గోడలన్నీ అరగదీయడం అయ్యాక ఆవిడ ట్రేలో పేర్చింది. పొట్లంలో తెల్లముద్ద నింపి, ఆరిపోకుండా తడిగుడ్డలో చుట్టింది. చీర సర్దుకుని వీధిలోకి వచ్చింది. తన గుమ్మం నుంచి తమ్ముడి గుమ్మానికి నాలుగడుగులు. మధ్యలో ఒకావిడ ఆపి "అల్లమక్కా, బడికేనా" అంది. "కాదమ్మా" అని ముందుకి వచ్చేసింది.

మరదలు తలుపు తీసి, ట్రే చూసి, పక్కకి తప్పుకుంది. లోపలంతా అట్టపెట్టెలు. తమ్ముడు కుర్చీలో కూర్చుని తాడు ముడి వేయబోతున్నాడు. ముడి పడటం లేదు.

"నాలుగు చేతులు కావాలి" అంది ఆవిడ.

వాడు తన చేతులకేసి చూసుకున్నాడు. "నావి లెక్కలోకి రావక్కా ఇప్పుడు."

"గోడ పట్టుకోవడానికి వస్తాయిలే. మోచేతులు బల్లకి ఆనించుకో."

"ఇల్లంతా విప్పి పెట్టెల్లో పెడుతుంటే," అంది మరదలు, బల్ల మీది గిన్నెలు తీస్తూ, "వీళ్ళు ఇల్లు కడతారట." అని వెనక గదిలోకి వెళ్ళిపోయింది. కావాలనే వెళ్ళిందని ఇద్దరికీ తెలిసింది.

మొదటి గోడ నిలబెట్టారు. రెండోది ఆనించారు. వాడి వేళ్ళు వణుకుతుంటే గోడ సన్నగా బల్ల మీద టకటకలాడింది. ఆవిడ చెయ్యి చాపి వాడి మణికట్టు మీద వేసింది. టకటక తగ్గింది.

"పొట్ట వేయలేదు ఈసారి" అన్నాడు వాడు, అంచు చూస్తూ.

"ముసలిదాన్నయ్యాక నేర్చుకున్నాను."

తెల్లగీత ఇంకా తడిగానే ఉంది. ఆవిడ దానికేసే చూస్తూ చెప్పింది. ఎన్నో ఏళ్ళు మనసులో రకరకాలుగా అమర్చుకున్న మాట. తీరా నోట్లోంచి వచ్చింది మాత్రం మామూలుగా, ఉప్పు ఎక్కడుందో చెప్పినట్టు.

"ఆ రోజు ఫోన్లో నేనన్నది ఈ ఇల్లు గురించిరా. నాన్న ఇల్లు గురించి కాదు."

"తెలుసక్కా."

వెనక గదిలో ఏదో పెట్టె జరిగిన చప్పుడు.

"ఎప్పుడు తెలుసు?"

"ఆ మర్నాడే. సాయంత్రం పిల్ల రుమాల్లో కప్పు ముక్క తెచ్చింది. అత్త బళ్ళో ఇల్లు పంచింది నాన్నా, నాకు కప్పొచ్చింది అంది."

ఆవిడ చేతులు వదిలేసి లేచి ఉండేది. వీధిలోకి వెళ్ళి ఉండేది. కానీ గోడ ఇంకా పట్టు బిగించలేదు. వదిలితే పడిపోతుంది. ఇద్దరూ అలాగే ఉన్నారు, చెరో గోడా పట్టుకుని.

"మరెందుకురా" అంది.

"అడిగితే, నిన్ను అలా అనుకున్నానని ఒప్పుకోవాలి కదా. సిగ్గేసింది. నువ్వే తిడతావు, తిట్టాక నవ్వుతావు, అయిపోతుంది అనుకున్నాను. ఇటుకలు తెప్పిస్తే తిడతావనుకున్నాను. మేస్త్రీ వస్తే తిడతావనుకున్నాను." వాడు తెల్లగీతకేసి చూశాడు. "నువ్వు టీ తెచ్చావు."

"వచ్చిన మనిషికి టీ ఇవ్వనా?"

"ఇవ్వాలిలే. కానీ అప్పుడు నాకేమనిపించిందంటే, మాట బిస్కెట్ గురించే అనుంటుంది, కానీ ఇప్పుడు అక్కకి నిజంగానే కావాలేమో. గోడ."

"నాకూ నీమీద అదే అనిపించింది."

వాడు నవ్వబోయాడు. ముఖం నవ్వు దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఇద్దరికీ అక్కర్లేని గోడకి ఎంత సిమెంటు పోశామే" అన్నాడు.

ఎన్నాళ్ళ తర్వాతో వాడు ఆవిడతో, చిన్నప్పటి 'ఏమే' చనువుతో, 'పోశామే' అన్నాడు. ఆవిడ విననట్టు ఊరుకుంది, మళ్ళీ అంటాడేమోనని. అనలేదు.

గోడలు నాలుగూ నిలబడేసరికి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి చక్కెర అద్దాల్లోంచి బల్ల మీద పడింది. పసుపుపచ్చగా, చిన్నగా, ఎవరో లోపల దీపం పెట్టుకున్నట్టు. ఇద్దరూ వంగి లోపలికి చూశారు. ఖాళీగా ఉంది.

"కప్పు రేపు పెట్టాలి" అన్నాడు తమ్ముడు. "గోడలు పూర్తిగా ఆరకుండా పెడితే బరువుకి విచ్చుకుంటాయి."

"రేపు లారీ ఎప్పుడొస్తుంది?"

"పొద్దున్నే."

ఆవిడ తలూపింది. లారీ పొద్దున్నే వస్తుందని ఆవిడకి ముందే తెలుసు. ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే సరిపోయేది. ఆ ఒక్కరోజు ఆవిడ దగ్గర ఉంది కూడా. నిన్న పొద్దున ట్రే సర్ది, గుమ్మందాకా వచ్చి, గోడలు ఇంకొంచెం ఆరనిద్దాం అని లోపలికి వెళ్ళిపోయింది.

"పాకంతో అంటిస్తే ఇప్పుడే పట్టేస్తుంది కదక్కా" అన్నాడు వాడు.

"పాకం మీద పడితే చెయ్యి కాలిపోతుందిరా."

అది నిజమే. వణికే చేతులతో కాగే పాకం దగ్గరికి రావద్దనడం సబబే. కానీ అలా అన్నందుకు ఆవిడ తర్వాత తనని తానే చాలాసార్లు తిట్టుకుంది. కాలితే కాలేది.

*

పొద్దున్నే లారీ వచ్చింది. తమ్ముడి సగం బల్ల లారీలో పట్టలేదు, అక్కడే వదిలేశారు. మరదలు ఆవిడని పట్టుకుని ఏడ్చింది. తమ్ముడు ముందు సీట్లో కూర్చుని, కిటికీ దించి, "కప్పు పెట్టాక చెప్పు, నిలిచిందో లేదో" అన్నాడు. ఇంకేదో అనబోయాడు. డ్రైవరు ఇంజను వేశాడు.

ఆవిడ పప్పుడబ్బాలు ఆనించుకుని కప్పు ఒక్కతే పెట్టింది. నిలిచింది. ఒకవైపుకి కూడా జారలేదు. తమ్ముడు పట్టుకున్న మూలలు మట్టంగా ఉన్నాయి కాబట్టి. బడికి తీసుకెళ్ళింది. పిల్లలు తనివితీరా చూశాక పెద్ద టీచరు అడిగింది, "ఎప్పుడు పంచేద్దామంటారు?" అల్లమక్క ఒక్కక్షణం తడబడింది. "సెలవులయ్యేదాకా ఉండనివ్వండి" అంది. చీమలు పడతాయేమో అంటే, పడనివ్వండి అంది.

ఇదంతా విని రాసుకుంటానని వచ్చిన మనిషికి ఆవిడ బిస్కెట్లు పెట్టింది, టీ ఇచ్చింది, ఒవెన్ తలుపు తీసి చూపించింది. తమ్ముడు ఇప్పుడు మాట్లాడుతున్నాడా అని అడిగితే, టీ కప్పు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా చెప్పింది.

"చేస్తాడండీ ఫోను. రోజు విడిచి రోజు చేస్తాడు. చెప్పుకోవాల్సింది కాస్తా చెప్పేసుకున్నాం కదా, ఇంక ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలీడం లేదు. అలవాటు తప్పిపోయింది. మొన్న, అక్కడ వాన పడుతోందా అక్కా అని అడిగాడు. పడుతోందిరా, గట్టిగా పడుతోంది అన్నాను. చుక్క లేదండీ అసలు. లేదంటే మాట అక్కడితో ఆగిపోతుంది కదా."